మూడో స్టాపు

ఆ వేసవిలో మా ఇంట్లో నలుగురం కలిసి ఒక సీరియల్ విన్నాం. చూశాం అంటే అబద్ధమవుతుంది. బళ్లు తెరిచేలోపు రెండు స్కూళ్ల యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి. సూది మీదినుంచి చూపు తీస్తే పోయేది వేలో, చొక్కానో. ముందుగదిలో కిటికీ పక్కన అమ్మ మిషను, గుమ్మం దగ్గర కాజాలత్త చాప, మధ్యలో గుండీల డబ్బా ముందేసుకుని నేను. టీవీకి ఎదురుగా నిలబడి పనిచేసేది ఒక్క ఇస్త్రీ పిన్నే. అందుకని మా అందరికీ కళ్లు ఆవిడే.

"ఇప్పుడు మొహం ఎలా పెట్టింది?" అని అడిగేది కాజాలత్త, తలెత్తకుండా.

"మూతి ముడుచుకుంది."

"ఏడుస్తోందా?"

"ఇంకా లేదు పెద్దమ్మా. ముక్కు ఎగబీలుస్తోంది."

"అయితే ఇవాళ ఏడవదు. రేపటికి దాచుకుంది."

కాజాలత్త మాకు చుట్టం కాదు. పక్కవీధిలో ఉండేది, చేత్తో కాజాలు తీసేది, పుట్టింటివాళ్లు పెట్టిన పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. నోరు విప్పితే సామెత. ఇస్త్రీ పిన్ని ఆవిడకి సగం వయసు, రెట్టింపు కోపం. సీరియల్లో బ్యాంకు కోడలని మేము పేరు పెట్టుకున్న ఒకావిడ ఉండేది. చంకలో చిన్నపిల్ల, ఇంట్లో ఒంటినిండా నగలేసుకుని సాధించే అత్త, ఎప్పుడూ ఊళ్లో ఉండని మొగుడు. ఆ కోడలిది తప్పా ఒప్పా అన్న తగువు మా గదిలో పొద్దున బొగ్గులు రాజేసినప్పుడు మొదలై, సాయంత్రం చొక్కాలు మడతపెట్టేదాకా నడిచేది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. అత్తకి ఎదురు చెప్పడం ఎందుకూ?" అని కాజాలత్త.

"ఊరు మంచిదే పెద్దమ్మా, ఆ ఇల్లే మంచిది కాదు," అని పిన్ని. ఆ ఊపులో పెట్టె ఒక చోటే ఆపేసి, "అయ్యో కాలర్" అని పైకెత్తేది.

అమ్మ తీర్పు చెప్పేది. మిషను తొక్కుతూనే, "ఇద్దరిదీ తప్పే, మొగుడిది ఇంకా తప్పు," అనేది. దాంతో ఇద్దరూ కలిసి మొగుడి మీద పడేవాళ్లు.

ఈ సీరియల్‌కి మాటలు రాసేవాళ్లలో మావయ్య ఒకడు. అమ్మకి సొంత తమ్ముడు. ఆ సంగతి మా వీధిలో కుక్కలకి కూడా తెలుసు, ఎందుకంటే వాడు వచ్చిన ప్రతిసారీ కాజాలత్త గుమ్మంలో నిలబడి గట్టిగా పలకరించేది. వాడు మాతో పని ఉండి వచ్చేవాడు కాదు, మేము పనిలో ఉన్నప్పుడు వచ్చేవాడు. గోడకి చేరబడి కూర్చుని, "మీరు అలా మాట్లాడుకుంటూ ఉండండి, నేను లేననుకోండి," అనేవాడు. ఏదైనా మాట నచ్చితే వాడి పెదాలు కదిలేవి. పైకి వినపడదు. ఉప్పు సరిపోయిందో లేదో చూసుకున్నట్టు, ఆ మాటని లోపలే ఒకసారి అనుకునేవాడు.

ఒకసారి కాజాలత్త సీరియల్లో మొగుణ్ణి తిడుతూ, "వాడి మొహం, కుట్లు విప్పిన జేబులా" అంది. మావయ్య పెదాలు కదిలాయి. కొన్నాళ్లకి నగలత్త నోటి నుంచి అదే మాట టీవీలో వచ్చింది. కాజాలత్త సూది వదిలేసింది. ఆ పూట మా అందరికీ టీ ఆవిడే తెప్పించింది. మర్నాటినుంచి వీధిలో ఆడవాళ్లు ఏదో పనిమీద వచ్చినట్టు వచ్చి, మావయ్య ఎదురుగా ఒక తిట్టో సామెతో వదిలి పోయేవాళ్లు. అమ్మ నవ్వేది. తమ్ముణ్ణి చూసి అమ్మ అంత నిండుగా నవ్వడం నేను ఆ వేసవిలోనే చూశాను. ఎందుకంటే అంతకు కొన్నేళ్ల ముందు, రాసినవన్నీ ఎవరికీ అక్కర్లేదనిపించి, మా వెనకగదిలో గోడవైపు తిరిగి పడుకుని అన్నం మానేసిన మనిషి వాడు. వాణ్ణి లేపి కూర్చోబెట్టింది అమ్మే. ఎలా లేపిందో అప్పుడు నాకు తెలియదు.

వేసవి మొదట్లోనే ఒకరోజు, అమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లినప్పుడు, మావయ్య మా వాళ్లని ఒకటి అడిగాడు.

"ఒకావిడ పిల్లని బస్టాండులో ఎవరికో అప్పగించి బస్సెక్కేసింది అనుకోండి. మళ్లీ దిగి వస్తుందా, రాదా?"

"తెగించి ఎక్కింది దిగదు అబ్బాయ్," అంది కాజాలత్త ఆలోచించకుండానే.

"దిగకూడదు," అంది పిన్ని. "దిగితే మళ్లీ ఆ కొంపకే కదా."

ఇద్దరూ ఒక మాట మీదకి రావడం అదే మొదలు. మావయ్య తల ఊపాడు. నన్ను అడగలేదు. నా వైపు చూడనైనా లేదు. నేనేదో చిన్నపిల్లనని అడగలేదనుకుని, దారం కొరికి ఇంకో గుండీ తీసుకున్నాను. అమ్మ టీ గ్లాసులతో వచ్చేసరికి మాట వేరే దానిమీదకి మళ్లింది.

ఎండలు ముదిరాక ఆ బస్సు టీవీలోకి వచ్చింది.

బ్యాంకు కోడలు పిల్లనెత్తుకుని బస్టాండుకి వెళ్లింది. పళ్లమ్మే ముసలావిడ పక్కన కూర్చోబెట్టింది. మాకు సంగీతం వినిపిస్తోంది, తర్వాత మాటలు వినిపించాయి. "ఇది పట్టుకో. నేను వచ్చేదాకా చుట్టు విప్పకు."

అమ్మ మిషను ఆగింది.

"ఏం ఇచ్చింది?" అని కాజాలత్త.

పిన్ని కళ్లు చికిలించి చూసింది. "టేపులా ఉంది పెద్దమ్మా. మనం కొలతలు తీసుకునే టేపే."

"బ్యాంకులో పనిచేసేదాని సంచిలో టేపెందుకే?"

"ఏమో. డబ్బుల కట్టలు కొలుస్తుందేమో."

ఇద్దరూ పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. మిషను ఆగిందేమని అమ్మ వైపు చూస్తే, "దారం తెగింది," అంది. నేను పక్కనే ఉన్నాను. దారం తెగలేదు.

నాకు తెలియడానికి ఆదివారం దాకా పట్టింది గాని, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. సంచిలో టేపు పెట్టుకుని తిరిగే మనిషి మా అమ్మ. పళ్లావిడ పక్కన కూర్చున్న పిల్లని నేను. ఇది అమ్మ తన జన్మలో ఒక్కరికే చెప్పింది, వెనకగదిలో గోడవైపు తిరిగి పడుకున్న తమ్ముడికి.

ఆ పూట తగువు మామూలు తగువు కాదు. గోడ అవతలివాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అది తల్లే కాదని ఒకరు, తల్లయితే మాత్రం మనిషి కాదా అని ఒకరు. కాజాలత్త తేల్చేసింది. "కుక్క కూడా పిల్లల్ని వదలదు. ఇది కుక్కకన్నా కనాకష్టం."

అమ్మ తెగని దారాన్ని సూదిలోకి మళ్లీ ఎక్కించింది. తర్వాత, "దిగుతుంది," అంది.

"ఎవరు?"

"ఆ అమ్మాయి. మూడో స్టాపులో దిగి వెనక్కి వస్తుంది."

"నీకెలా తెలుసక్కా? తమ్ముడు చెప్పాడా?" అని పిన్ని పెట్టె పక్కన పెట్టి మరీ అడిగింది.

"చెప్పలేదు. దిగుతుంది, చూడండి."

"దిగితే ఈ సీజన్ అయిపోయేదాకా టీ నాది," అంది కాజాలత్త.

ఆ వారమంతా అమ్మ తీరు నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి కుర్చీ అంచుకి జరిగి కూర్చునేది. ఎప్పుడూ తెర వైపు చూడని మనిషి, బస్సు కనిపిస్తే తలెత్తేది. ఆ సీరియల్ సంగతి తెలిసిందేగా, బస్సు కదలడానికే రెండు రోజులు పట్టింది. మధ్యలో నగలత్త మొహం, మొగుడి మొహం, గోడ మీద గడియారం. ఒక స్టాపు వచ్చింది, ఎవరో ఎక్కారు. ఇంకో స్టాపు వచ్చింది. శుక్రవారం నాడు పిన్ని ఇస్త్రీ ఆపి, మా కోసం ఒక్కొక్కటీ చెప్పసాగింది.

"బస్సు ఆగింది. తలుపు తీశారు. లేచింది. లేచి నిలబడింది."

అమ్మ రెండు చేతులూ మిషను బల్ల మీద పెట్టుకుంది.

"కూర్చుంది," అంది పిన్ని. "కూర్చుని కిటికీ అద్దం మూసేసింది. బస్సు పోతోంది."

"నేను చెప్పలా?" అంది కాజాలత్త.

అమ్మ లేచి వెళ్లి టీవీ కట్టేసింది. సీరియల్ మధ్యలో ఆ గదిలో టీవీ కట్టడం అంతకు ముందు ఎన్నడూ జరగలేదు. "చొక్కాలు మిగిలిపోతున్నాయి," అంది, అంతే. కాజాలత్త, పిన్ని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. పందెం పోయిందని అమ్మకి కోపమొచ్చిందనుకున్నారు పాపం. ఆ సాయంత్రం అమ్మ కుట్టిన చొక్కాకి గుండీలు వేయబోయి చూస్తే, రెండు చేతులూ ఎడమ చేతులే.

ఆదివారం పనివాళ్లు రారు. నేనొక్కదాన్నే కూర్చుని ఆ చొక్కా చెయ్యి కుట్లు విప్పుతున్నాను. మావయ్య బన్నుల పొట్లం పట్టుకుని వచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "ఏమంటున్నారక్కా జనం?" అన్నాడు.

"టేపు మర్చిపోయావురా," అంది అమ్మ.

"ఏ టేపు?"

"టైలరుని బ్యాంకులో కూర్చోబెట్టావు. ఇల్లు మార్చావు, అత్తకి నగలు పెట్టావు. టేపు ఒక్కటి మార్చడం మర్చిపోయావు."

మావయ్య పొట్లం కింద పెట్టి నా వైపు చూశాడు. "అమ్మడూ, కాసేపు బయట కూర్చుంటావా?"

"ఉండనీ," అంది అమ్మ. "ఊరంతా విన్నది. అది వింటే ఏం పోయింది?"

నా చేతిలో బ్లేడు ఆగిపోయింది. అప్పటికి నాకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూర్చున్నాను.

"ఎవరికి తెలుస్తుందక్కా?" అన్నాడు వాడు. గొంతు బాగా తగ్గించాడు. "పేరు లేదు, ఊరు లేదు. అందరి ఇళ్లలోంచీ ఏదో ఒకటి తీసుకుంటాం. ఈ వీధిలో వాళ్లు వాళ్ల మాట వస్తే సంబరపడటం లేదూ? నువ్వూ నవ్వావు కదా."

"కాజాలత్త తన మాట నీకు వాడుకోమని ఇచ్చింది. నేను చెప్పింది నీకు. నీ సీరియల్‌కి కాదు. నువ్వు చస్తానంటే, ఒరేయ్, నేనూ ఒకరోజు పారిపోయాను, తిరిగొచ్చాను, తిరిగి రావడంలో సిగ్గు లేదు అని చెప్పాను. మందని ఇస్తే తీసుకెళ్లి అమ్ముకున్నావు."

మావయ్య నేల చూశాడు. అమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వాడికి తేలికయ్యేదేమో.

"సరే, తీసుకున్నావు. మరి దిగనివ్వలేదేం?"

"దిగినట్టే రాశానక్కా. నిజం. దిగితే కథ అక్కడితో అయిపోతుందన్నారు పైవాళ్లు. మన వాళ్లని అడిగినా దిగదనే అన్నారు. ఇక్కడే, ఈ గదిలోనే. నువ్వు టీ పెడుతున్నావు."

అమ్మ బన్నుల పొట్లం పక్కకి జరిపింది.

"నాకు అయిపోలేదురా," అంది. "దిగాకే కదా ఇంత బతుకూ."

వాడు బన్నులు అక్కడే వదిలి వెళ్లాడు. చెప్పులు తొడుక్కోవడానికి వాడికి చాలాసేపు పట్టింది. అమ్మ పిలుస్తుందని చూశాడు. పిలవలేదు.

ఇప్పుడు ఈ కథ రాస్తానని అడిగితే అమ్మ ఒక్క షరతు పెట్టింది. "దిగినట్టు రాయి," అంది. రాస్తున్నాను. మా అమ్మ మూడో స్టాపులో దిగింది. అప్పటికి తనకి పంతొమ్మిదేళ్లు, నాకు రెండు. నాన్న లారీ మీద ఎక్కడో ఉన్నాడు, నేను కొన్ని రోజులుగా ఏడుపు ఆపడం లేదు, ఇంట్లో పలకరించే దిక్కు లేదు. దిగి, ఎండలో నడిచింది. సగం దారిలో చెప్పు తెగితే రెండో చెప్పు కూడా అక్కడే వదిలేసింది. వచ్చేసరికి నేను పళ్లావిడ పక్కన అలాగే కూర్చుని ఉన్నానట, టేపు రెండు చేతులతో పట్టుకుని.

"చుట్టు విప్పలేదు నువ్వు," అంది అమ్మ ఆ ఆదివారం, మావయ్య వెళ్లాక. "చెప్పినట్టే పట్టుకుని కూర్చున్నావు."

ఆ మాట చెప్పి నా చెయ్యి పట్టుకోబోయింది. నేను తీసేసుకున్నాను. నాకు కోపం వచ్చింది. వదిలేసినందుకు వచ్చింది, వాడికి చెప్పి నాకు చెప్పనందుకు అంతకన్నా వచ్చింది. ఎవరిదో తెలియకపోయినా, నా సంగతి కాజాలత్తకి తెలిసింది, ఇస్త్రీ పిన్నికి తెలిసింది, గోడ అవతలివాళ్లకి తెలిసింది, టేపు మీద జోకులేసి నవ్వడం కూడా అయిపోయింది. అందరికన్నా చివర నాకు తెలిసింది. నా బతుకులో జరిగినదానికి నేను కూడా అందరితో పాటు నవ్విన ప్రేక్షకురాలిని. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నా ఏం లాభం, పోయిన సొత్తు తిరిగొచ్చేది కాదు.

సోమవారం టీవీ పెట్టలేదు. పాడైందంది అమ్మ. కాజాలత్త నమ్మింది, పిన్ని నమ్మినట్టు ఊరుకుంది. తగువులు లేక కాజాలు చకచకా అయిపోయాయి. అమ్మ తీర్పులు లేవు. ఎవరైనా ఇంటి గొడవ ఎత్తుకోబోతే, "ఇక్కడ వద్దమ్మా," అనేది. బళ్లు తెరిచే ముందే ఆ ఏడు యూనిఫారాలు ఇచ్చేశాం. అంత తొందరగా అయిన సీజన్ మళ్లీ లేదు, అంత మూగది కూడా లేదు. నేను అమ్మతో పొడి మాటలు తప్ప మాట్లాడేదాన్ని కాదు. తను అడిగేది కాదు.

తొలకరి పడ్డాక, గుండీల కొట్టు దగ్గర మావయ్య కనిపించాడు. నా కోసమే వచ్చాడు. చిక్కాడు, గడ్డం మాసి ఉంది. అక్క ఫోను ఎత్తడం లేదన్నాడు. కొట్టు చూరు కింద నిలబడ్డాం. నాకు జాలేసింది, అబద్ధమెందుకు. నన్ను చిన్నప్పుడు భుజాలమీద తిప్పినవాడు.

"అమ్మడూ, ఒకటి అడగనా?" అన్నాడు. "నీకు తెలిసినప్పుడు ఏమనిపించింది?"

ఆ మాట నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. క్షమించమని అడగడానికి మాట వెతుక్కుంటున్నాడనుకున్నాను. చెప్పేద్దామనుకున్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిలవలేననిపించింది.

"ఆ టేపు..." అన్నాను.

వాడి పెదాలు కదిలాయి.

నేను ఆగిపోయాను. వాన చినుకులు చూరు మీంచి వాడి భుజం మీద పడుతున్నాయి, వాడికి తెలియడం లేదు. నా మొహంలోకే చూస్తున్నాడు, తర్వాతి మాట కోసం.

"ఏమీ అనిపించలేదు," అన్నాను.

దానికి కూడా వాడి పెదాలు కదిలాయి.

నేను గుండీల పొట్లం తీసుకుని తడుస్తూ ఇంటికి వచ్చాను. వాడు వచ్చినట్టు అమ్మకి చెప్పలేదు.

తర్వాత వానలు బాగా పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, అమ్మా నేనూ పనిలో ఉన్నాం. మాది కట్టేసి ఉన్నా, ఎదురింట్లో టీవీ మా కిటికీలోంచి బాగానే వినిపించేది. సీరియల్లో ఏళ్లు గడిచిపోయాయట, పిల్ల పెద్దదైందట. బస్సెక్కి పోయిన తల్లి తిరిగొచ్చి ఏడుస్తోంది. నా గురించి తెలిసినప్పుడు నీకేమనిపించిందమ్మా, అని అడుగుతోంది. అక్కడ సంగీతం ఆపేశారు.

"ఏమీ అనిపించలేదు," అంది ఆ పిల్ల.

ఎదురింట్లో ఎవరో ముక్కు చీదారు. అబ్బ, ఎంత మాటందీ, అని ఎవరో అన్నారు. మా గదిలో మిషను ఆగింది. అమ్మ తలెత్తి నన్ను చూసింది.

"వాడు నిన్ను అడిగాడా?"

"అడిగాడు."

"నువ్వు అదే చెప్పావా?"

"వాడికి అదే చెప్పాను."

అమ్మ మెడలో ఉన్న టేపు తీసి, చూసుకోకుండానే వేళ్లకి చుట్టుకుంటోంది.

నేను లేచి కిటికీ రెక్కలు రెండూ వేసేశాను. గుమ్మం తలుపు కూడా వేశాను. వచ్చి మిషను పక్కన కింద కూర్చుని, తెలిసినప్పుడు నాకేమనిపించిందో అమ్మకి చెప్పాను. అంతా చెప్పాను, కోపంతో సహా. ఏం చెప్పానో ఇక్కడ రాయను. అమ్మ మొత్తం విన్నది. విని, చుట్టిన టేపు నా చేతిలో పెట్టింది.